కంటి శిబిరం డబ్బు ఎక్కడ పెట్టాలి: ముందు నెలలో, తరువాత నెలలో

మీరు అడిగినవి మూడు. చూపు పోకుండా ఆపగలిగిన జబ్బులే ఎక్కువ అంటారు కదా, మరి పేద దేశాల్లో ఇంతమంది అంధులు ఇంకా ఎందుకు ఉన్నారు? విదేశాల్లో ఉన్న మీ ఊరివాళ్ళు కలిసి 6 లక్షలు పోగు చేశారు, సంక్రాంతికి ఊళ్ళో ఒక్కరోజు పెద్ద శిబిరం పెట్టి 200 ఆపరేషన్లు చేయించవచ్చా? వాడేసిన కళ్ళద్దాలు సేకరించి పంపితే పనికొస్తాయా?

నేను 1991లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి పరీక్షలు చేసే ఉద్యోగిగా చేరి, ఇరవై తొమ్మిదేళ్ళు అదే పనిలో ఉండి పదవీ విరమణ చేశాను. డాక్టరును కాను. మనుషుల్ని డాక్టరు దగ్గరకు చేర్చడం, అక్కడి నుంచి వచ్చాక వాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళి చూడడం నా పని. అందుకే సూటిగా చెబుతున్నాను: ఆ డబ్బును ఆపరేషన్లకు పెట్టకండి. ఆపరేషన్‌కు ముందు నెలకూ, తరువాత నెలకూ పెట్టండి. మన దగ్గర కొరత అక్కడే ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెలో బడి అరుగు మీద కూర్చుని కళ్ళు చూస్తున్నాను. డెబ్బై ఏళ్ళ అవ్వను మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆమెకు నాలుగేళ్ళ కిందట అదే బడి గదిలో శుక్లం ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో శిబిరాల్లో కంటిలోపల లెన్సు పెట్టేవారు కాదు. మసకబారిన కటకాన్ని మొత్తంగా తీసేసి, దానికి బదులుగా పది పవరున్న మందపాటి అద్దాలు ఇచ్చేవారు. పిల్లలు సోడాబుడ్డి అద్దాలని ఎగతాళి చేసేవి అవే. ఆమె జోడులో కుడివైపు అద్దం పగిలి రాలిపోయింది. కాడ విరిగితే రవిక కుట్టే దారం కట్టి చెవికి చుట్టుకుంది. ఆపరేషన్ అయిన కన్ను కుడిదే. మిగిలిన ఎడమ అద్దం ఉన్నది అసలు చూపులేని కంటి ముందు. రెండేళ్ళుగా ఆమె ఆ జోడు పెట్టుకుని, ఏమీ కనిపించకపోయినా డాక్టరు ఇచ్చారు కదా అని తీయకుండా ఉంది. నా పెట్టెలోని పది పవరు కటకం తీసి కుడికంటి ముందు పట్టాను. ఆమె నావైపు చూసి, "నాయనా, నీ చొక్కా గుండీ ఒకటి ఊడింది" అంది.

పాత రిజిస్టరు తీసి చూస్తే ఆమె పేరుకు ఎదురుగా ఆపరేషన్ విజయవంతం అని రాసి ఉంది. అందులో అబద్ధం లేదు, ఆపరేషన్ బాగానే జరిగింది. పగిలిన అద్దం మార్చడానికి ఎవరూ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు, అంతే. నేను ఇప్పుడు రాస్తున్నదంతా ఆ గుండీ మాటకు వివరణే అనుకోండి.

మొదటి ప్రశ్నకు వద్దాం. 2020 నాటి అంచనా ప్రకారం ప్రపంచంలో పూర్తిగా చూపు లేనివారు సుమారు 4.3 కోట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో విడుదల చేసిన నివేదిక, దగ్గరి చూపో దూరపు చూపో సరిగా లేనివారు కనీసం 220 కోట్లమంది అనీ, వారిలో కనీసం 100 కోట్లమంది ఇబ్బంది నివారించగలిగేది లేదా ఇంకా వైద్యం అందనిది అనీ చెప్పింది. నివారించగలం అన్న మాటకు రుజువులు కళ్ళముందే ఉన్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో నదుల ఒడ్డున నల్ల ఈగ కాటుతో వచ్చే అంధత్వం ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేయించేది. 1974 నుంచి ఈగల మీద మందు చల్లారు, 1987లో ఆ జబ్బుకు వాడే ఐవర్‌మెక్టిన్ మాత్రలు తయారుచేసే మెర్క్ సంస్థ వాటిని అవసరమైనంతకాలం ఉచితంగా ఇస్తామని ముందుకొచ్చింది. ఆ మాత్రలను ఊరూరా పంచింది పెద్ద డాక్టర్లు కారు, అక్కడి గ్రామస్థులే. ట్రకోమా సంగతీ అంతే. రెప్ప లోపలికి తిరిగి వెంట్రుకలు నల్లగుడ్డును గీకే ఆ జబ్బును చిన్న శస్త్రచికిత్స, అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు, ముఖం కడుక్కోవడం, పరిసరాల శుభ్రత కలిపి తరిమారు. ఘనా, నేపాల్ 2018లో దాన్ని ప్రజారోగ్య సమస్య స్థాయి నుంచి తొలగించాయి. మన దేశానికి ఆ గుర్తింపు 2024లో వచ్చింది.

ఇక మిగిలిన వాటిలో పెద్దది శుక్లం, తెలంగాణ పల్లెల్లో మోతిబిందు అంటారు. దానికి చుక్కల మందు లేదు, ఆపరేషన్ ఒక్కటే దారి. కంటి లోపల అమర్చే లెన్సును ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే పెట్టాడు. అది మన పల్లె అవ్వ కంటిదాకా రావడానికి నలభై ఏళ్ళకు పైగా పట్టింది. కారణం ధర. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి కీళ్ళవాతంతో వంకర్లు పోయిన వేళ్ళతోనే ఆపరేషన్లు చేస్తూ, ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఇచ్చుకోగలవారి నుంచి తీసుకుని, ఇవ్వలేనివారికి అదే డాక్టరుతో ఉచితంగా చేయించారు. దిగుమతి లెన్సులు తమ రోగులకు అందవని తేలాక 1992లో సొంతంగా అరోల్యాబ్ పెట్టి ధరను పది డాలర్ల దగ్గరకు, ఆ తరువాత ఇంకా కిందికి దించారు. నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్, ఆస్ట్రేలియా వైద్యుడు ఫ్రెడ్ హాలోస్ ప్రోత్సాహంతో 1994లో తిల్‌గంగ ఆసుపత్రి నెలకొల్పి అక్కడే లెన్సులు తయారు చేయించారు. ఖరీదైన యంత్రం అవసరం లేకుండా, చిన్న కోతతో, కుట్లు లేకుండా శుక్లాన్ని బయటికి తీసే పద్ధతి ఆ ఇద్దరి చోట్లా లక్షలమందికి చూపు తెచ్చింది. అలవాటు పడిన చేతికి పది నిమిషాలైనా పట్టని పని అది.

చేయి ఉంది, లెన్సు ఉంది, జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద స్వచ్ఛంద ఆసుపత్రులకు ఒక్కో శుక్లం ఆపరేషన్‌కు ప్రభుత్వం 2,000 రూపాయలు ఇస్తూ వచ్చింది. అయినా మనుషులు గుడ్డివాళ్ళుగానే ఎందుకు ఉన్నారో అరవింద్ వాళ్ళు తమ ప్రాంతంలోనే పరిశీలించుకున్నారు. తాము ఊరూరా ఉచిత శిబిరాలు పెడుతున్నా, కంటి ఇబ్బంది ఉన్నవారిలో శిబిరానికి వచ్చినవారు వందకు ఏడుగురే అని తేలింది. తమ లెక్క తామే తీసి, బయటపెట్టి, పద్ధతి మార్చుకున్న ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. శిబిరం రోజున మీ ఊళ్ళో బారులు తీరిన జనం కనిపిస్తారు, ఫొటోలు బాగుంటాయి. ఇంట్లో మంచానికి అతుక్కుపోయిన వాళ్ళు ఆ ఫొటోలో ఉండరు.

మన తెలుగువాళ్ళకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. సినీ దర్శక నిర్మాత ఎల్.వి.ప్రసాద్ ఇచ్చిన విరాళంతో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో 1987లో స్థాపించిన కంటి వైద్య సంస్థ, పట్నంలో కూర్చుంటే పల్లె రాదని గుర్తించి 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో ఆపరేషన్లు చేసే చిన్న ఆసుపత్రి తెరిచింది. దానికింద సుమారు 50,000 మంది జనాభాకు ఒకటి చొప్పున, కళ్ళు పరీక్షించే చిన్న దృష్టి కేంద్రాలు పెట్టుకుంటూ వచ్చారు. ఇంటర్ చదివిన చుట్టుపక్కల పిల్లలకు ఏడాది శిక్షణ ఇచ్చి అక్కడ కూర్చోబెడతారు. శిబిరం ఏడాదికి ఒకసారి వస్తుంది. దృష్టి కేంద్రంలో కూర్చునే అమ్మాయి రోజూ తొమ్మిదింటికి తాళం తీస్తుంది. తేడా అంతా అదే.

సరే, మీ ఊరికి వద్దాం. శిబిరానికి నెల ముందు ఇంటింటికీ తిరిగే జాబితా తయారు చేయించండి. ఆశా కార్యకర్తలు, ఇంటర్ చదివే పిల్లలు నలుగురు చాలు. యాభై దాటిన ప్రతి ఒక్కరినీ ఇంటి వాకిట్లో నిలబెట్టి, ఒక్కో కన్ను అరచేత్తో మూయించి, మూడు మీటర్ల దూరం నుంచి వేళ్ళు లెక్కపెట్టమనాలి. రెండు కళ్ళూ తెరిచి చూపిస్తే బాగున్న కన్ను చెడిన కంటి సంగతి దాచేస్తుంది. మూడు మీటర్లలో వేళ్ళు కనిపించనివారి పేర్లు పైన రాయించండి, మీకు మొదట కావలసింది వాళ్ళే. అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళను చూసి వచ్చేయవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి. చూపు పోయినవారిలో ఆడవాళ్ళే ఎక్కువ, ఆపరేషన్ దాకా వచ్చేవారిలో తక్కువ. వాళ్ళు వంటింట్లో తడుముకుంటూ ఉంటారు.

అక్కడ మీరు వినే మాట నాకు తెలుసు. "కాటికి కాళ్ళు చాపుకున్నదాన్ని, నాకు చూపెందుకు బాబూ." ఈ మాటకు పైకి కనిపించే అర్థం ఒకటి, లోపలి అర్థం ఇంకొకటి. నన్ను తీసుకెళ్ళడానికి కొడుకు రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి, ఆ మాట నేను నోటితో అడగలేను అని. కొడుకు కూలికి మీ డబ్బులోంచి పరిహారం ఇవ్వండి, వాహనం ఇంటి ముందుకే పంపండి, తోడుగా వచ్చేవారికి భోజనం పెట్టండి. ఈ ఖర్చుకు శిలాఫలకం ఉండదు కానీ, ఆమెను మంచం మీది నుంచి లేపేది ఇదే. భయం సంగతికి వస్తే, అదే వీధిలో ఆపరేషన్ చేయించుకుని బాగున్న ఒక ముసలామెను వెంట పంపండి. ఆమె రెండు నిమిషాల్లో ఒప్పిస్తుంది, మేము గంట మాట్లాడినా ఒప్పించలేము. పొర బాగా ముదిరాకే తీయాలి అనే పాత మాట ఎవరైనా చెబితే, అది లెన్సులు లేని కాలపు మాట అని చెప్పండి. ఇప్పుడు ఎక్కువ ముదిరితేనే ఆపరేషన్ కష్టం.

ముందు నెలలో చేయాల్సిన ఇంకో పని దాదాపు అందరూ మరిచిపోతారు. బి.పి., షుగరు పరీక్షలు. ఎన్నోసార్లు చూశాను: తెల్లవారుజామున బస్సెక్కించి ముప్పై మందిని ఆసుపత్రికి తీసుకెళ్తే, షుగరు ఎక్కువుందని ఎనిమిది మందిని సాయంత్రానికి వెనక్కి పంపుతారు. డాక్టర్ల తప్పు లేదు, ఆ స్థితిలో కన్ను కోయకూడదు. కానీ ఒకసారి వెనక్కి వచ్చిన మనిషి మళ్ళీ బయలుదేరదు. "నా కళ్ళు బాగు కావన్నారు" అని ఊరంతా చెబుతుంది. జాబితా రాసినప్పుడే పరీక్ష చేయించి, మూడు వారాలు మందులు వాడించి, అదుపులోకి వచ్చాకే బస్సెక్కించండి.

ఆపరేషన్ రోజు గురించి క్లుప్తంగా చెబుతాను. బడి గదుల్లో, కల్యాణ మండపాల్లో ఆపరేషన్లు ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి. ఊళ్ళో పరీక్ష మాత్రమే, కోత ఎప్పుడూ శాశ్వతమైన ఆపరేషన్ థియేటర్‌లోనే. ప్రభుత్వ నియమమూ అదే. ప్రతి కంటికీ లెన్సు పవరు విడిగా కొలుస్తారా, అందరికీ ఒకే పవరు పెడతారా అని ముందే అడగండి. 200 అనే సంఖ్యను మీ బ్యానరు మీద రాయకండి. సంఖ్య రాసుకున్నాక దాన్ని చేరుకోవడం కోసం ఆపరేషన్ అవసరం లేని కన్ను కూడా బల్ల మీదికి వస్తుంది.

తరువాతి నెలే అసలు పరీక్ష. కట్టు విప్పిన రోజు అందరూ ఉంటారు. చుక్కల మందు నెల, నెలన్నర వేయాలి. వేసేది ఎవరు? ఆపరేషన్ అయిన అవ్వ చేతులు వణుకుతాయి, కోడలు కూలికి పోతుంది. వీధికి ఒకరు చొప్పున బాధ్యత ఒప్పగించి, ఆ పిల్లకు నెలకింతని ఇవ్వండి. ఆపరేషన్ అయిన కంట్లో నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకుండా ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి బయలుదేరాలి. లోపల చీము పడితే గంటల తేడాతో కన్ను పోతుంది. ఆ ఒక్క ప్రయాణం కోసం ఒక వాహనం, ఒక డ్రైవరు ఫోను నంబరు నెలంతా సిద్ధంగా ఉంచండి. వాడకపోతే సంతోషం. నెలన్నరకు మళ్ళీ చూపు కొలిచి అద్దాలు ఇప్పించండి. లెన్సు బాగా కుదిరినా చాలామందికి కొద్దిపాటి పవరు మిగులుతుంది, దగ్గరి చూపుకు అద్దాలు ఎలాగూ కావాలి. అందరికీ ఆరు మీటర్ల చార్టు ముందు ఎంత కనిపించిందో రాసి, ఆ కాగితం మీ సంఘంలో చదవండి. ఎన్ని ఆపరేషన్లు అనే లెక్క కంటే అది చాలా ఎక్కువ చెబుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సభ దేశాలకు పెట్టిన లక్ష్యం కూడా ఇదే తరహాది: ఆపరేషన్ చేశామా అని ఆగిపోకుండా, చేశాక మంచి చూపు వచ్చిందా అని కొలవాలి. రెండో కంటి సంగతి కూడా అప్పుడే మాట్లాడాలి, లేకపోతే అది ఎప్పటికీ జరగదు.

శుక్లం పక్కనే ఉండి ఎవరి కంటా పడనిది చత్వారం. నలభై దాటిన దర్జీ సూదిలో దారం ఎక్కించలేడు, ఆ వయసు ఇల్లాలు బియ్యంలో రాళ్ళు ఏరలేదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది కూలీలపై జరిగిన పరిశోధనలో, దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవారు ఇవ్వనివారికంటే సుమారు 22 శాతం ఎక్కువ ఆకు కోశారని 2018లో ప్రచురించారు. ఆ అద్దాలు వంద, రెండు వందల రూపాయలకు దొరుకుతాయి. జాబితా కోసం ఇంటింటికీ తిరిగే పిల్లల సంచిలోనే నాలుగు పవర్లవి పెట్టి పంపండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు ఊరూరా తిరిగి కోటిన్నర మందికి పైగా కళ్ళు చూసింది. అక్కడ పంచిన వాటిలో ఇలాంటి దగ్గరి చూపు అద్దాలే ఎన్నో. మీ ఊళ్ళో ఎవరికైనా అప్పుడు ఇచ్చినవి విరిగి ఉంటే, మార్చి ఇవ్వడం మీ పనే అనుకోండి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, మీ ఊరు వరి పండించే ఊరు కాబట్టి. కోతల కాలంలో వరి ఆకు, కంకి కంటికి గీసుకుంటుంది. గీత చిన్నదే, మట్టిలోని బూజు అందులో దూరితే పెద్దది. ఒక కోత కూలీ నా దగ్గరకు పదకొండో రోజున వచ్చాడు. మొదట ఊళ్ళో ఒకావిడ నాలుకతో నలుసు తీసింది. తరువాత ఆకుపసరు పోశారు. ఆ తరువాత మందుల దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన చుక్కలు ఇచ్చారు. అది వేసిన రెండు రోజులు ఎరుపు తగ్గి బాగుందనిపించింది, కానీ లోపల బూజుకు అది ఎరువులా పనిచేసింది. అతను ఆ సీసాను రుమాల్లో చుట్టి, పోతుందేమోనని చొక్కా లోపలి జేబులో దాచుకుని తెచ్చాడు. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా, పొడిగా, అంచులు ఈకల్లా చీలిన పుండు. పెద్దాసుపత్రిలో కన్ను నిలిపారు, చూపు నిలపలేకపోయారు. ఇప్పుడు ఆ కంట్లో పువ్వు. అతనికి అప్పుడు ముప్పై నాలుగేళ్ళు. ఏ శిబిరంలో వంద శుక్లాలు తీయించినా ఆ కన్ను మీద నాకు ఇంకా బాధే.

దీనికి నేపాల్‌లోని భక్తపూర్‌లో దారి చూపించారు. గ్రామ కార్యకర్తల చేతికి క్లోరాంఫెనికాల్ కంటి లేపనం ఇచ్చి, గీత పడ్డ వెంటనే మూడు రోజులు పెట్టించారు. గాయమైన 18 గంటల్లోపు వచ్చినవారిలో ఎవరికీ పుండు పడలేదని 2001లో ప్రకటించారు. మీ ఊళ్ళో ఆశా కార్యకర్తకు ఈ శిక్షణ డాక్టరుతో ఇప్పించండి. కోతలకు ముందు రోజు దండోరా వేయించండి: కంటికి దెబ్బ తగిలితే పసరు వద్దు, తల్లిపాలు వద్దు, ఆముదం వద్దు, నాలుక వద్దు, దుకాణం చుక్కలు వద్దు, అదే రోజు చూపించుకోవాలి.

పిల్లల విషయం పెద్దది, ఇక్కడ రెండు మాటలే చెబుతాను. రేచీకటి, విటమిన్ 'ఎ' లోపం ఇప్పుడు మన దగ్గర బాగా తగ్గాయి. తొమ్మిదో నెల తట్టు టీకాతో పాటు మొదటి మోతాదు, ఐదేళ్ళ వరకు ఆరు నెలలకొకటి, మొత్తం తొమ్మిది. 1970లో దేశమంతా మొదలైన ఈ పథకానికి పునాది వేసింది హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలే. అంగన్‌వాడీలో మోతాదులు తప్పిపోయినవారిని చూడండి. రెండోది, నెలలు నిండకుండా, రెండు కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ముప్పై రోజుల్లోపు రెటీనా (కంటి లోపలి తెర) పరీక్ష తప్పనిసరి, మరీ చిన్న బిడ్డకు ఇంకా ముందే. ఆ గడువులో జబ్బును పట్టుకోకపోతే, అది ముదిరాక ఎంత డబ్బున్నా చూపు తిరిగి రాదు. షుగరు ఉన్నవారికి ఏడాదికోసారి కంటి లోపలి పరీక్ష, ఇంట్లో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవారి తోబుట్టువులకూ పిల్లలకూ కంటి ఒత్తిడి పరీక్ష చేయించండి. ఇవి శిబిరం హడావుడిలో తేలవు.

చివరిగా వాడేసిన కళ్ళద్దాలు. మీరు పడిన శ్రమ మెచ్చుకోదగ్గదే, కానీ పంపకండి. ఒక్కో జోడులో రెండు కళ్ళకూ వేరు వేరు పవర్లు, మధ్యలో అడ్డపవరు (సిలిండరు), కంటిపాపల మధ్య దూరం వేరు. అవి సరిగ్గా సరిపోయే మనిషి మీ ఊళ్ళో దొరకడం దాదాపు జరగదు. శుభ్రం చేసి, పవర్లు కొలిచి, వేరు చేసి, విమానంలో పంపే ఖర్చుతో ఇక్కడ కొత్తవి కొనవచ్చు. అంధత్వ నివారణ రంగంలోని అంతర్జాతీయ సంస్థలు కూడా వద్దనే చెబుతున్నాయి. ఇప్పటికే పోగైనవాటిలో గట్టి ఫ్రేములుంటే మీ దగ్గరే శిక్షణ సంస్థలకు ఇచ్చేయండి.

మీ ఊరి నుంచి ఆపరేషన్లు చేసే దగ్గరి ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లో, ఊళ్ళో యాభై దాటినవారు సుమారు ఎందరో, ఆశా కార్యకర్తలు ఎందరో రాయండి. ఇంటింటి జాబితాకు నేను వాడే కాగితం నమూనా, వాహనాల లెక్క పంపిస్తాను. సంక్రాంతికి మీరంతా ఊరికి వచ్చేసరికి ఆపరేషన్లు అయిపోయి ఉండాలంటే, జాబితా దసరా వెళ్ళగానే మొదలుకావాలి.